పాత బండిలో ఆయిల్ లైటు వెలిగితే

శ్రోతలకు నమస్కారం. మే నెల మధ్యాహ్నం. విజయవాడ బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో ఒక పాత డీజిల్ బండి ఆగి ఉంది. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయగానే మీటర్లో ఎర్రటి నూనె డబ్బా బొమ్మ మినుకుమంటోంది. కాస్త రేజ్ చేస్తే ఆరిపోతోంది. ఆరిపోతోంది కదా అని చాలామంది అలాగే వారధి దాటి గుంటూరు దాకా నడిపేస్తారు. దయచేసి ఆ పని చేయకండి.

ఆ లైటు చెప్పేది ఆయిల్ ప్రెషర్ గురించి. చాలా బండ్లలో ప్రెషర్ 5 పీఎస్ఐ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం) దరిదాపులకు పడిపోతే గానీ అది వెలగదు. లైటుతో పాటు ఇంజిన్ కింది భాగంలో కొట్టుకుంటున్న చప్పుడు కూడా ఉంటే వెంటనే పక్కకు తీసి ఇంజిన్ ఆపేయాలి. షెడ్డు దాకా లాగించుకుని వెళ్లడమే మేలు.

పంపు నూనెను నెడుతుంది, అంతే. ప్రెషర్ నిలబడేది ఇంజిన్లో తిరిగే ప్రధాన ఇరుసైన క్రాంక్ షాఫ్టుకూ, దాన్ని పట్టి ఉంచే బేరింగుకూ మధ్య ఉండే సన్నటి సందు వల్ల. అది సుమారు 0.05 మిల్లీమీటర్లు. బేరింగ్ అరిగి సందు పెరిగితే నూనె సులువుగా జారిపోతుంది. పైగా ఇంజిన్ వేడెక్కితే నూనె పలచబడుతుంది. అందుకే పొద్దున బాగానే ఉన్న బండి ఎండలో, సిగ్నల్ దగ్గర లైటు చూపిస్తుంది.

ముందు బండిని సమతలంగా ఉన్నచోట ఆపి, కాసేపాగి డిప్ స్టిక్ (ఆయిల్ లెవెల్ చూసే పుల్ల) తీసి చూడండి. ఆయిల్ పెరిగి డీజిల్ వాసన వస్తుంటే, డీజిల్ లోపలికి దిగి నూనెను పలచన చేస్తోందన్నమాట. లెవెల్ సరిగ్గానే ఉంటే? అప్పుడే ఇంజిన్ విప్పడానికి ఒప్పుకోకండి. ఆ లైటును వెలిగించే ఆయిల్ స్విచ్ తీయించి, ఆ రంధ్రానికి గేజ్ పెట్టించి కొలిపించండి. ఒక్కోసారి పాడైంది ఆ చిన్న స్విచ్చే అవుతుంది. వేడి ఇంజిన్‌కు ప్రతి 1000 ఆర్‌పీఎంకు సుమారు 10 పీఎస్ఐ అన్నది మెకానిక్కుల వాడుక లెక్క. మీ బండి మాన్యువల్లో వేరే అంకె ఉంటే అదే ప్రమాణం.

ఇక చప్పుడు. పైనుంచి సన్నగా టిక్ టిక్ మంటే చాలావరకు వాల్వులను తెరిచే టాపెట్లు. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే ఒక్కో టాపెట్ ఒక్కసారే కదులుతుంది కాబట్టి ఆ చప్పుడు ఇంజిన్ వేగం కన్నా నెమ్మదిగా ఉంటుంది. కింద నుంచి బరువుగా టక్ టక్ మంటూ, లోడ్ మీద గానీ, యాక్సిలరేటర్ వదిలినప్పుడు గానీ ఎక్కువైతే పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్ బేరింగును అనుమానించాలి. అనుభవం ఉన్న మెకానిక్ పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజిన్‌కు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని చోటు పట్టేస్తాడు. పాతకాలపు పంపున్న డీజిల్ ఇంజిన్లో ఒక్కో ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేసి చూస్తాడు. ఏది వదిలితే చప్పుడు తగ్గిందో ఆ సిలిండర్ బేరింగునే ముందు అనుమానించాలి. డీజిల్‌ను చాలా ఎక్కువ ప్రెషర్‌తో పంపే కామన్ రైల్ బండ్లలో మాత్రం ఆ నట్టు జోలికి పోకూడదు. ఆ ప్రెషర్‌కు డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది.

చిక్కటి ఆయిల్ పోస్తే చప్పుడు కొన్నాళ్లు అణుగుతుంది. అలా అణచి బండి అమ్మేవాళ్లున్నారు. కొన్నవాళ్ల ఇంజిన్ రోడ్డు మీద పగిలిపోతుంది. అది మోసమే.

ఆటోనగర్లో చాంబర్, అంటే ఇంజిన్ అడుగున నూనె నిలిచే తొట్టి, విప్పినప్పుడు దగ్గరుండి చూడండి. పంపు జల్లెడకు నల్లటి మడ్డి పట్టి ఉండవచ్చు, లేదా ప్యాకింగుకు ఎక్కువగా రాసిన గమ్ము ముక్కలు అడ్డుపడి ఉండవచ్చు. అదే కారణమైతే, బేరింగులు దెబ్బతినకపోతే, శుభ్రం చేస్తే సరిపోతుంది. బేరింగ్ షెల్ మీద బూడిద రంగు పూత పోయి రాగి రంగు కనిపిస్తే మార్చాల్సిందే. అప్పుడు క్రాంకును మైక్రోమీటరుతో కొలిపించండి. గీతలు పడితే గ్రైండింగ్ చేయించి 0.25 లేదా 0.50 మిల్లీమీటర్ల అండర్‌సైజు బేరింగులు, అంటే అరగదీసిన క్రాంకుకు సరిపోయేవి, వేయిస్తారు. బిగించాక ఫిల్టర్లో నూనె నింపి, డీజిల్ ఆపి, ఆయిల్ లైటు ఆరేదాకా సెల్ఫ్ కొంచెం కొంచెంగా తిప్పమనండి. ఆ తరవాతే స్టార్ట్ చేయాలి.