పసుపు పిట్ట ఎందుకు నిలవలేదు: సొంత సోషల్ మీడియాకు అసలు కావలసింది

[తెర మీద: పసుపు రంగు పిట్ట బొమ్మ]

2024 జూలై 3న, పసుపు పిట్ట గుర్తుతో ట్విట్టర్ తరహాలో నడిచిన దేశీ సోషల్ మీడియా యాప్ ‘కూ’ వ్యవస్థాపకులు అప్రమేయ రాధాకృష్ణ, మయాంక్ బిదావట్కా తమ సంస్థను మూసివేస్తున్నట్లు ప్రకటించారు. 2020లో బెంగళూరులో పుట్టి, కన్నడంతో మొదలై, తెలుగుతో సహా పలు భారతీయ భాషలకు విస్తరించిన ఆ యాప్‌ను ఒక దశలో నెలకు దాదాపు కోటి మంది వాడారు. తెలుగులో రాసిన మాట అనువాదమై ఇతర భాషల వారికీ చేరే సౌకర్యం అందులో ఉండేది. మన భాషలో ఆలోచించి, మన భాషలోనే రాసేవారికి అది చిన్న విషయం కాదు. అందుకే కూ మూతపడటాన్ని ఒక కంపెనీ నష్టంగా మాత్రమే నేను చూడలేను.

[తెర మీద: 2021 ఫిబ్రవరి]

కూకు ఊపు వచ్చిన సందర్భాన్ని గమనించాలి. రైతుల ఉద్యమం సాగుతున్న రోజుల్లో కొన్ని ఖాతాలను నిలిపివేయాలన్న కేంద్రం ఆదేశాలను ట్విట్టర్ పూర్తిగా అమలు చేయకపోవడంతో, కేంద్ర మంత్రులు, ప్రభుత్వ శాఖలు కూలో ఖాతాలు తెరిచాయి. అదే ఏడాది జూన్‌లో తమ అధ్యక్షుడి ట్వీటును తొలగించారన్న వివాదం నడుమ నైజీరియా ట్విట్టర్‌ను నిషేధించింది. ఆ దేశ ప్రభుత్వమూ కూలో చేరింది. 2022 జనవరిలో నిషేధం తొలగిపోయింది. కోపంతో వచ్చిన జనం కోపం చల్లారగానే పాత చోటికే వెళ్తారు.

డబ్బు సంగతి వేరు. పెద్ద ఇంటర్నెట్ సంస్థలతో భాగస్వామ్యం కోసం జరిపిన చర్చలు ఫలించలేదని, యాప్‌ను నడపడానికి అవసరమైన సాంకేతిక సేవల ఖర్చు ఎక్కువగా ఉందని వ్యవస్థాపకులే రాశారు.

మరి పోటీదారును నిషేధిస్తే మనవాళ్లు నిలదొక్కుకుంటారా? 2020 జూన్ 29న టిక్‌టాక్‌తో కలిపి 59 చైనా యాప్‌లను మన ప్రభుత్వం నిషేధించింది. మన దేశానికే చెందిన షేర్‌చాట్ సంస్థ కొద్ది రోజుల్లోనే టిక్‌టాక్ లాంటి చిన్న వీడియోల యాప్ మోజ్‌ను తెచ్చింది. కానీ పది రోజులు తిరగకముందే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ ఇక్కడికి వచ్చాయి. ఈరోజు మన పిల్లల ఫోన్లలో ఏవి తిరుగుతున్నాయో చూస్తే, చైనా యాప్ ఖాళీ చేసిన చోటు ఎవరికి దక్కిందో తెలుస్తుంది.

[తెర మీద: ఫోన్‌లో ఖాళీ చాట్ జాబితా]

ఆ మధ్య నేనొక దేశీ మెసేజింగ్ యాప్ వేసుకున్నాను. నా ఫోన్‌లోని నంబర్లన్నిటిలో పదకొండు మంది కనిపించారు. అందరికీ నమస్కారం పంపితే ముగ్గురు జవాబిచ్చారు. ఆ సాయంత్రం మా వీధికి మంజీరా నీళ్లు రావన్న కబురు మాత్రం వాట్సాప్‌లోని పాత గ్రూపులోనే వచ్చింది. కొత్త యాప్‌లో నాకు లోపమేమీ కనిపించలేదు; నా మనుషులు అక్కడ లేరు, అంతే.

ఈ చిక్కును మనం వేరే చోట్ల విప్పుకున్నాం. ఒక కంపెనీ సిమ్ నుంచి మరో కంపెనీ సిమ్‌కు ఫోన్ కలుస్తుంది; 2011 నుంచి దేశమంతటా నంబరు మారకుండానే కంపెనీ మార్చుకోగలుగుతున్నాం. యూపీఐలో కూరగాయల బండి మీద ఏ కంపెనీ క్యూఆర్ కోడ్ అతికించి ఉన్నా మన దగ్గరున్న యాప్‌తో డబ్బు కట్టగలం. ప్రభుత్వం తన శక్తిని ఒక యాప్‌ను భుజాన మోయడానికి కాకుండా, ఇలాంటి వంతెన వేయించడానికి వాడాలని నా గట్టి అభిప్రాయం. యూరోపియన్ యూనియన్ ఆ పని మొదలుపెట్టింది. అక్కడి డిజిటల్ మార్కెట్ల చట్టం ప్రకారం, ఇతర మెసేజింగ్ సంస్థలు అడిగితే వాట్సాప్ తలుపు తెరవాలి: మొదట ఇద్దరి మధ్య సందేశాలకు, తర్వాత గ్రూపులకు.

అటువంటి నిబంధన మన దగ్గర ఉండి ఉంటే, ఆ సాయంత్రం నీళ్ల కబురు నా కొత్త యాప్‌కు కూడా వచ్చే వీలుండేది.