సంతకం పెద్దలది, బరువు పిల్లలది

నమస్కారం.

ఒక మాట వింటే నా ప్రాణం ఉసూరుమంటుంది. పిల్లల కష్టాల మీద ఎవరైనా ఫోటో తీసినా, సినిమా తీసినా, నాటకం వేసినా, "ఆ బిడ్డ సంగతి ఆలోచించారా?" అని అడిగితే చాలు, తడుముకోకుండా జవాబు వస్తుంది: "తల్లిదండ్రులు ఒప్పుకున్నారండీ, సంతకం కూడా పెట్టారు." అంతటితో చర్చ అయిపోయినట్టే. అనుమతి పత్రం ఎందుకు తీసుకోవాలో మీకు నేను చెప్పనక్కర్లేదు. అది ఎంతవరకు పనికొస్తుంది, ఎక్కడ చాలకుండా పోతుంది, ఆ సంగతి మాట్లాడుకుందాం.

(తెరపై 1936 నాటి నలుపు తెలుపు ఫోటో. తల్లి, ముగ్గురు పిల్లలు.)

ఈ ఫోటో మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. కాలిఫోర్నియాలో నిపోమో దగ్గర, బఠానీ కోతకు వచ్చి, పంట దెబ్బతిని పని దొరకక చిక్కుకుపోయిన కూలీల మకాం అది. తీసినామె డొరొతియా లాంగ్. ఫోటోలోని తల్లి ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్, అప్పటికి 32 ఏళ్లు. అందరూ ఆమె ముఖం గురించే రాశారు. నుదుటి మీది ముడతలు, దవడకు ఆనించిన వేళ్లు, ఎటో చూస్తున్న కళ్లు. మీరు మాత్రం ఒక్క నిమిషం పిల్లల్ని చూడండి. ఒడిలో పసిబిడ్డ. చెరొక భుజం మీదా వాలిన ఇద్దరు. ఆ ఇద్దరి ముఖాలూ మనకు కనిపించవు. రేగిన జుట్టు, మెడ వెనుక భాగం, అంతే.

ముఖం కనిపించకపోతే బిడ్డకు ఇబ్బంది లేదనుకునేవారు ఇక్కడ ఆగాలి. ఆ ఇద్దరిలో ఒకరైన క్యాథరిన్ పెద్దదై, 2008లో మాట్లాడుతూ, ఆ ఫోటో అంటే తమకు సిగ్గుగా ఉండేదని, తామెవరో ఎవరికీ తెలియకూడదని కోరుకునేవాళ్లమని చెప్పారు. 72 ఏళ్ల తర్వాత! ముఖం కనిపించని ఫోటో కూడా అంతకాలం వెంటాడింది.

"కానీ ఆ ఫోటో వల్ల మేలు జరిగింది కదా?" అంటారు. జరిగింది, కాదనను. పత్రికలో రాగానే ఆ మకానికి దాదాపు 9 టన్నుల ఆహారం పంపించారు. అయితే అది చేరేసరికి ఈ కుటుంబం అక్కడ లేదు, బతుకుతెరువు వెతుక్కుంటూ వెళ్లిపోయింది. ఈ ఒక్క సంగతి దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. ఎవరి బాధ చూసి లోకం కదిలిందో, వాళ్ల దాకా ఆ గింజలు రాలేదు.

మనకో సామెత ఉంది, ఎరువు సొమ్ము బరువు చేటు అని. ఒకరి దగ్గర అడిగి తెచ్చుకున్న నగ మెడలో ఉన్నంతసేపూ భయమే, పోతే ముప్పే. పిల్లల కథ కళాకారుడి చేతిలో ఎరువు సొమ్ము. మరి దాన్ని ఇచ్చింది ఎవరు? తల్లిదండ్రులా? వాళ్లు ఆ నగను భద్రం చేస్తున్నవాళ్లు మాత్రమే. సొంతదారు ఆ బిడ్డ. ఇరవై ఏళ్లకో నలభై ఏళ్లకో పెద్దవాడై వచ్చి "నాది నాకివ్వండి" అంటాడు. ఆ రోజున సంతకం చూపిస్తే సరిపోదు.

ఎరువు తెచ్చుకున్న నగకు మన ఇష్టం వచ్చిన మెరుగులు పెట్టకూడదు కూడా. కుటుంబం తిండి కోసం కారు టైర్లు అమ్ముకుందని లాంగ్ రాశారు. మా దగ్గర అమ్మడానికి వేరే టైర్లే లేవని ఫ్లోరెన్స్ కొడుకు తర్వాత చెప్పాడు. ఫోటో మూలన తల్లి బొటనవేలు అడ్డుగా ఉందని నెగటివ్‌లోనే దాన్ని మసకబరిచారు. అంత శ్రద్ధ పెట్టిన మనిషి ఆ తల్లి పేరు అడగలేదు. అడగలేదని 1960లో లాంగే స్వయంగా రాశారు. ఆమె చెడ్డ మనిషి కాదు, పేదల కోసం జీవితమంతా పనిచేసింది. అందుకే నాకు మరింత బాధ. మంచి ఉద్దేశం ఉన్నవాళ్ల చేతిలోనే ఇది జరిగింది.

ఇక నటించే పిల్లల సంగతి. 1931లో ఒక హాలీవుడ్ చిత్రంలో జాకీ కూపర్ అనే బాలనటుడు ఏడవాలి. ఏడుపు రాలేదు. దర్శకుడు ఆ పిల్లవాడికి దగ్గరి బంధువే. నీ కుక్కను కాల్పిస్తానని బెదిరించాడు. కుక్కను సెట్టు వెనక్కి తీసుకెళ్లారు, తుపాకీ పేలిన చప్పుడు వినిపించింది. పిల్లవాడు ఏడ్చాడు, కెమెరా తిరిగింది. తర్వాత కుక్కను క్షేమంగా తెచ్చి చూపించారు. ఆ చిత్రానికి దర్శకుడికి ఆస్కార్ వచ్చింది. జాకీ కూపర్ 50 ఏళ్ల తర్వాత, 1981లో తన ఆత్మకథకు పెట్టుకున్న పేరు "దయచేసి నా కుక్కను కాల్చకండి." నగ సొంతదారు తిరిగి రావడమంటే ఇదే.

ఏడుపు సహజంగా వచ్చింది, కాబట్టి అది గొప్ప నటన అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అది నటన కాదు. ఒక పసివాడి నిజమైన దుఃఖాన్ని వాడికి చెప్పకుండా తీసుకుని వాడుకోవడం.

ఇంకో దారి ఉంది. 1980లో వచ్చిన ఒక ప్రసిద్ధ భయానక చిత్రంలో ఐదారేళ్ల బాబు ముఖ్య పాత్ర వేశాడు. ఒక హోటల్లో ఉండే కుటుంబం కథ అని మాత్రమే వాడికి చెప్పారు. చేస్తున్నది భయపెట్టే సినిమా అని తెలియకుండా కాపాడారు. తెర మీద మనకు కనిపించే భయంలో చాలా భాగం కూర్పులోంచి, శబ్దంలోంచి, పెద్ద నటుల ముఖాల్లోంచి పుట్టింది. బాబు చేసినవి చిన్న చిన్న పనులు: తలుపు వైపు చూడు, సైకిల్ తొక్కు, నోరు తెరువు. కష్టమంతా పెద్దవాళ్ల మీద వేసుకుంటే పిల్లవాడి మీద బరువు పడదు.

సమయం దగ్గరపడుతోంది, మిగిలినవి త్వరగా చెప్పేస్తాను.

లైంగిక వేధింపుల గురించి కథ చెప్పాలంటే ఆ దృశ్యం చూపించనక్కర్లేదు. ఆ తర్వాత ఇంట్లో ఏర్పడిన మౌనం, నమ్మని పెద్దలు, బడికి వెళ్లనని మొండికేసే పిల్ల, వీటితోనే కథ పూర్తిగా చెప్పవచ్చు. పిల్లల శరీరాన్ని లైంగికంగా చూపించే చిత్రణను ఏ కళాప్రయోజనమూ సమర్థించదు, దాని మీద నాతో వాదన పెట్టుకోవద్దు.

నిజ సంఘటన రాస్తున్నవారు పేరు మార్చి ఊరుకోవద్దు. వీధి, బడి, తండ్రి వృత్తి, జరిగిన నెల, ఈ నాలుగూ కలిస్తే తెలిసినవాళ్లు ఇట్టే పోల్చుకుంటారు. రెండైనా మార్చండి. మారిస్తే కథ నిలబడదంటే, ఆ కథ ఇప్పుడు రాయవలసినది కాదేమో చూసుకోండి.

తనకు సంబంధించిన విషయాల్లో బిడ్డ అభిప్రాయం చెప్పవచ్చని, వయసును బట్టి దానికి విలువ ఇవ్వాలని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం చెబుతోంది. కాబట్టి సంతకం అయ్యాక కూడా బిడ్డనే అడగండి. తర్వాత మళ్లీ అడగండి. "వద్దు" అంటే ఆపేయండి, ఎంత ఖర్చయినా సరే.

ఆఖరుగా ఒకామె గురించి చెప్పి ఆపుతాను. ఫ్రీడల్ డికర్-బ్రాండైస్ అనే చిత్రకారిణి. నాజీలు యూదులను బంధించిన టెరెజిన్‌లో తానూ ఖైదీగా ఉంటూ పిల్లలకు బొమ్మలు గీయడం నేర్పింది. వాళ్ల బాధను తాను గీయలేదు. కాగితం, రంగులు వాళ్ల చేతికే ఇచ్చింది. వాళ్లు పూలు గీశారు, సీతాకోకచిలుకలు గీశారు, వదిలి వచ్చిన ఇళ్లు గీశారు. ప్రతి బొమ్మ మీదా ఎవరి పేరు వాళ్లనే రాయమంది. 1944లో తనను నాజీల మారణ శిబిరమైన ఆష్విట్జ్‌కు తరలించే ముందు దాదాపు 4,500 బొమ్మలను రెండు పెట్టెల్లో దాచిపెట్టింది. ఆష్విట్జ్‌లో ఆమెను చంపేశారు. ఆ పిల్లల్లోనూ చాలామంది బతకలేదు. బొమ్మలు ఇప్పుడు ప్రాగ్‌లోని యూదు మ్యూజియంలో ఉన్నాయి, కాగితాల మీద పిల్లలు రాసుకున్న పేర్లతో సహా.