పెరట్లో కట్టిన పడవ, నాన్న రికార్డు మీద కొడుకు గురి

గంటకి 511 కిలోమీటర్లు. రోడ్డు మీద కాదండీ, నీళ్ల మీద! 1978 అక్టోబర్ 8న ఆస్ట్రేలియాలోని బ్లోవరింగ్ డ్యామ్ రిజర్వాయర్‌లో కెన్ వార్బీ కొట్టిన స్పీడ్ ఇది, ఇన్నేళ్లయినా ఎవరూ దాటలేదు. అంటే కిలోమీటరు దూరం సుమారు ఏడు సెకన్లు, మీరు ఒకసారి దగ్గి గొంతు సవరించుకునేలోపు అయిపోతుంది.

పెద్ద కంపెనీ వెనక ఉందనుకుంటున్నారా? అబ్బే. సిడ్నీలో తన ఇంటి పెరట్లో, చెక్కతోనూ ఫైబర్‌గ్లాస్‌తోనూ, వానొస్తే పైన టార్పాలిన్ కప్పుకుంటూ కట్టాడు ఆ పడవని. ఇంజన్ ఏమో మిలిటరీ వాళ్లు వద్దని వదిలించుకున్న పాత జెట్ ఇంజన్. డిజైన్ తనదే, కట్టిందీ తనే, నడిపిందీ తనే. ఆ పడవ పేరు స్పిరిట్ ఆఫ్ ఆస్ట్రేలియా, ఇప్పుడు సిడ్నీ మ్యూజియంలో ఉంది.

ఇప్పుడు ఆ రికార్డుకి ఎసరు పెట్టింది ఎవరో కాదు, ఆయన కొడుకు డేవ్. స్పిరిట్ ఆఫ్ ఆస్ట్రేలియా 2 అని ఇంకో పడవ తయారైంది, తన పేరే చెరిపేసే ఆ పడవకి కెన్ గారే దగ్గరుండి సలహాలిచ్చారు, 2023లో పోయారు. ఇందులో ఇంజన్ ఆర్ఫియస్. మన నాట్ యుద్ధవిమానంలో ఉన్నదీ ఆ జాతి ఇంజనే, బెంగళూరు హెచ్‌ఏఎల్‌లో తయారయ్యేది.

ఇంజన్ దొరకడం పెద్ద సమస్యే కాదు, అసలు టెన్షన్ గాలితో. ఆ స్పీడ్‌లో పడవ నీళ్లని అంటీ అంటకుండా పోతుంది, ముక్కు కాస్త ఎక్కువ లేచిందా, కిందికి గాలి దూరి వెనక్కి పల్టీ కొట్టించేస్తుంది. ఇంగ్లండ్‌లో డొనాల్డ్ క్యాంప్‌బెల్ అలాగే పోయాడు, 1967 జనవరి 4న, కోనిస్టన్ సరస్సులో. ఆయనదీ కుటుంబ కథే, నాన్న మాల్కమ్ కూడా రికార్డు వీరుడే. 1980లో లీ టేలర్, 1989లో క్రెయిగ్ ఆర్ఫన్స్, ఇద్దరూ ఈ రికార్డు వెంటపడే ప్రాణాలు పోగొట్టుకున్నారు.

ఇంకో మెలిక ఉంది. ఒక్కసారి దూసుకుపోతే లెక్కలోకి రాదు, గంటలోపు ఎదురు దిక్కున మళ్లీ రావాలి, రెండిటి సగటే రికార్డు. క్యాంప్‌బెల్ పోయింది తిరుగు ప్రయాణంలోనే, తన పడవ లేపిన అలలు పూర్తిగా సద్దుమణగకముందే వెనక్కి తిరిగాడని చాలామంది అంటారు.

అందుకే వార్బీ టీమ్ టెస్ట్ రన్స్ ఇన్నేళ్లుగా సాగదీస్తోందని ఎవరైనా విసుక్కుంటే నాకు ఒళ్లు మండుతుంది. సాగదీయనివ్వండి! నాకైతే రికార్డు పరుగు కంటే ఆ రెండు పరుగుల మధ్య టైమ్ చూడాలనుంది, హెల్మెట్ పెట్టుకుని కాక్‌పిట్‌లో కూర్చుని, నీళ్ల వంకా గడియారం వంకా మార్చి మార్చి చూసుకునే ఆ కొడుకుని.