ఏ పేజీలో ఆపేశారండీ?

(రేకుల మీద వాన చప్పుడు)

అమ్మాయి: రికార్డవుతోంది మావయ్యా. ఆ పడక్కుర్చీ కదపకు, కిర్రుమంటోంది.

మావయ్య: కుర్చీ కాదే, నా మోకాలు. కానీ, మొదలెట్టు.

అమ్మాయి: అందరికీ నమస్కారమండి. ఇవాళ కొత్తపేటలో మా మావయ్యింటి వరండాలోంచి మాట్లాడుతున్నాం. వానొస్తోంది, చప్పుడుకి కాస్త సర్దుకోండి. పోయిన నెల మన పాఠకుల గుంపులో నేనో షరతు పెట్టాను గదండీ. నవల గురించి "చాలా బాగుంది", "మనసుకి హత్తుకుంది" అంటే చెల్లదు. ఏ పేజీలో ఆపేశారో చెప్పాలి. పూర్తిగా చదివుంటే, ఎక్కడ మూసేద్దామనిపించిందో చెప్పాలి.

మావయ్య: ఇదేం షరతే? పుస్తకం సగంలో మూసెయ్యడమంటే పంక్తిలోంచి లేచిపోయినట్టు.

అమ్మాయి: కూర బాగోకపోతే?

మావయ్య: బాగోకపోయినా పెరుగు దాకా కూర్చోవాలి.

అమ్మాయి: కూర్చుని, లేచాక "భోజనం అద్భుతం" అనాలి. అదే నాకు పడనిది. "బాగుంది" అనేవాళ్లు అట్ట చూసి కూడా అనొచ్చు. ఆపేశానని ఒప్పుకున్నవాళ్లు అబద్ధమెందుకు చెప్తారు? సరే, మొదటిది ధవళేశ్వరం నుంచి, డిగ్రీ చదివే తమ్ముడు. వీరేశలింగం గారి రాజశేఖర చరిత్రం నవల నాలుగో పేజీలో ఆపేశాట్ట. "మా ఊరి కథే కదా అని తెరిచాను, ఆ సమాసాల్లో మా ఊరు నాకే కనపళ్లేదండి" అంటున్నాడు.

మావయ్య: అది 1878లో వివేకవర్ధని పత్రికలో మొదలైన రచన. 1880లో పుస్తకమైంది. భాష అలా కాక మరెలా ఉంటుంది?

అమ్మాయి: ఆగు, అయిపోలేదు. వారం తర్వాత మళ్లీ తీశాట్ట. బంగారం చేసిపెడతానని బైరాగి వచ్చి రాజశేఖరుణ్ణి ముంచేసి పోయే చోటుకొచ్చేసరికి లేచి కూర్చున్నాట్ట. "మా బాబాయి కూడా ఫోనులో ఎవడో డబ్బు రెట్టింపు చేస్తానంటే నమ్మి మునిగిపోయాడండి. బైరాగి కాషాయం మార్చాడంతే" అని రాశాడు.

మావయ్య: హమ్మ! కుర్రాడు గట్టివాడే. కొందరు అది ఇంగ్లీషు గోల్డ్‌స్మిత్ నవలకి నకలని కొట్టిపారేస్తారు. ఒరవడి అక్కడిదే, కాదనను. కానీ ఆ బైరాగి మాత్రం మన గట్టు మీద తిరిగినవాడే.

అమ్మాయి: ఇప్పుడు నీకు కోపమొచ్చేది. మస్కట్ నుంచి ఒక అక్క వాయిస్ పంపింది. సొంతూరు రాజోలు వైపు. అక్కడ ఒకరింట్లో పని. రాత్రి అందరూ పడుకున్నాక ఫోనులో చదువుకుంటుంది. విను.

(వాయిస్: "నమస్కారమండి. నేను బాపిరాజు గారి నారాయణరావు నవల చదువుతున్నానండి. శారద మొగుణ్ణి దూరంగా పెడుతుంది గదండీ, అక్కడ ఆపేశాను. ఆ అమ్మాయి మీద కోపం కాదండి. ఆయన మీదే. చదువు, సంగీతం, దేశభక్తి, ఓర్పు, అన్నీ ఉన్నాయి. ఒక్కసారి కూడా విసుక్కోడేంటండీ? అలాంటి మనిషితో కాపరమంటే నాకైతే భయమేనండి. మళ్లీ చదువుతాను లెండి. చివరేమైందో మాత్రం చెప్పకండాయ్.")

మావయ్య: నారాయణరావుది కొత్తపేట! మా ఊరి కుర్రాణ్ణి పట్టుకుని...

అమ్మాయి: అనుకున్నా!

మావయ్య: కాదే, 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు, అదే ఆంధ్రా యూనివర్సిటీ, పోటీలో విశ్వనాథ సత్యనారాయణ గారి వేయిపడగలుతో సమానంగా బహుమతి పంచుకున్న నవల అది.

అమ్మాయి: అంటే ఆ తీర్పరులకే ఎటూ తేలలేదు! మేం కొట్టుకోవడంలో వింతేముంది? నన్నడిగితే ఆ అక్కకే సగం ఓటు. నాయకుడు మరీ కడిగిన ముత్యం. కానీ వాళ్లింటి సందడి ఉంది చూశావూ, వచ్చేపోయే చుట్టాలూ పెళ్లి హడావిడీ, అక్కడ మాత్రం నేను ఆగలేను. బొమ్మలేసే చెయ్యి కదా బాపిరాజు గారిది. నారాయణరావుని దేవుడి పటంలా వేశాడు, ఇంటిని మాత్రం ఇల్లులాగే వేశాడు.

మావయ్య: ఆ మాట ఒప్పుకుంటా. సగం.

అమ్మాయి: ఇక ఎక్కువమంది ఆపేసింది బుచ్చిబాబు గారి నవల, చివరకు మిగిలేది. అందులో నాయకుడు దయానిధి. భీమవరం నుంచి ఒకాయన: "దయానిధి డాక్టరై ఉండి తన జబ్బు తప్ప ఇంకోటి చూడడండీ." పాలకొల్లు టీచరుగారు: "కోమలి, అమృతం, ఇందిర, అందరూ అతని ఆలోచనల్లో తిరుగుతారే గానీ వాళ్లు ఏమనుకుంటున్నారో నాకు తెలీలేదు." ఈ రెండోది బలమైన మాట. నేనూ అక్కడే తడబడ్డాను. నువ్వు పూర్తిచేశావా మావయ్యా?

మావయ్య: ...లేదు.

అమ్మాయి: పంక్తిలోంచి లేచావన్నమాట!

మావయ్య: అమలాపురంలో డిగ్రీ చదివేటప్పుడు లైబ్రరీలో తీసుకున్నా. రెండ్రోజుల్లో తిరిగిచ్చేశా. ఎవరడిగినా బోరు కొట్టిందని చెప్పేవాణ్ణి.

అమ్మాయి: ఏ పేజీ?

మావయ్య: సగం దాకా కూడా పోలేదు. మొదట్లోనే. దయానిధి తల్లి గురించి లోకం గుసగుసలాడుతుంది చూడు, అక్కడ.

అమ్మాయి: ఊఁ.

మావయ్య: మీ తాతయ్య పోయాక మీ అమ్మమ్మ కొబ్బరి వ్యాపారం పట్టింది గదా. కురిడీలు బండికెత్తించుకుని అంబాజీపేట మార్కెట్టుకి తనే వెళ్లేది. అక్కడంతా మగాళ్లు. బేరం తెగేసరికి ఒక్కోసారి చీకటిపడేది. ఊరు ఊరుకుంటుందా?

అమ్మాయి: ఈ మాట అమ్మ నాకెప్పుడూ చెప్పలేదు.

మావయ్య: మీ అమ్మ చిన్నపిల్ల అప్పటికి. నేను వినేవాణ్ణి. కిళ్లీకొట్టు దగ్గర నన్ను చూడగానే మాట మార్చేసేవారు. ఆ మార్చడంలోనే తెలిసిపోయేది. ఆ డబ్బుతోనే చదువుకుంటూ, ఆ పుస్తకంలో అదే గుసగుస చూశాను. ఎవరో మనింటికొచ్చి రాసుకుపోయినట్టనిపించింది. మూసేశా.

(వాన చప్పుడు)

అమ్మాయి: ఇది తీసెయ్యనా మావయ్యా?

మావయ్య: ఉండనీ. నీ షరతేగా.

అమ్మాయి: మళ్లీ చదువుతావా?

మావయ్య: మొన్న రాజమండ్రి వెళ్లినప్పుడు కొన్నాను. లోపల బీరువాలో ఉంది. దయానిధి మీద ఆ భీమవరం ఆయన చెప్పింది నిజమో కాదో చూడాలి. నా అనుమానం, అతనికి లోకం మీద కోపం కన్నా తల్లి మీద కోపం ఎక్కువని. నాకు ఆ కోపం లేదు. అందుకే అతనితో నాకు పొసగదేమో.

అమ్మాయి: చదివాక పేజీ నంబరుతో సహా చెప్పాలి. వచ్చేసారి దాని మీదే మాట్లాడదామండి, మీరు ఆపేసిన చోట్లు పంపండి. మస్కట్ అక్కా, నువ్వు తొందరపడకు, నిదానంగా చదువుకో.

మావయ్య: అమ్మా, ఆ శారద చివరికి...

అమ్మాయి: మావయ్యా!

మావయ్య: టీ పెడుతోందేమో చూడమంటున్నానే, మీ అత్తయ్య.