పరగడుపున బ్లాక్ కాఫీతో షుగర్ దిగుతుందట! మా బాపు వేలి మీద చుక్క రక్తం ఏం చెప్పిందో చూడండి

నమస్తే వరంగల్, నమస్తే హనుమకొండ, కాజీపేటోళ్లకు ఇంకో నమస్తే ఎక్కువ. సూటిగా పాయింటుకొస్తా. మీ అందరి ఫోన్లలో తిరుగుతున్న ఆ రీల్ తెలుసు కదా? తెల్లకోటు వేసుకున్న ఒకాయన, "పొద్దున్నే పరగడుపున చక్కెర లేని బ్లాక్ కాఫీ తాగండి, షుగర్ దెబ్బకు దిగిపోతుంది, గోళీలు కూడా అవసరం లేదు" అంటాడే, అదే. ఆ రీల్ మా ఇంట్లో పెట్టిన లొల్లి అంతా ఇంతా కాదు. ఇవాళ దాని సంగతి తేల్చేద్దాం.

నా మాట ఒక్కటే. కాఫీలో చక్కెర వేశారా లేదా అని అందరూ కప్పులోకే తొంగి చూస్తున్నారు. చూడాల్సింది గోడ మీది గడియారం. పరగడుపు కాఫీయే అసలు దొంగ!

మా బాపుకు ఏడేళ్లుగా షుగర్. రీల్ చూసిన మర్నాటి నుంచి తెల్లారి ఐదింటికే స్టవ్ మీద నీళ్లు. స్టీలు గ్లాసులో రెండు స్పూన్లు ఇన్‌స్టంట్ పొడి, పాల్లేవు, చక్కెర లేదు. వేపాకు నమిలినట్టు ముఖం పెట్టి గటగటా తాగడం, భద్రకాళి బండ్ మీద వాకింగ్‌కు పోవడం. పది రోజులకు మీటర్ తీస్తే టిఫిన్ తర్వాతి రీడింగ్ 212. అంతకుముందు 180 దాటేది కాదు. "మీటర్ ఖరాబైందిరా" అన్నాడు. మా ఇంట్లో ఎప్పుడూ మీటరే ఖరాబైతది, మనుషులు కారు.

సరే, పందెం వేసుకున్నాం. నాలుగు రోజులు, అవే మూడు ఇడ్లీలు, అదే పల్లీ చట్నీ, అంతే వాకింగ్. రెండు రోజులు కాఫీ ముందు, రెండు రోజులు కాఫీ లేకుండా. బాపు ఉంగరం వేలి పక్కన గుచ్చుకుంటాడు, మధ్యలో గుచ్చితే రోజంతా సలుపుతుందట. స్ట్రిప్పు రక్తం పీల్చుకుని మీటర్ ఐదు నుంచి వెనక్కి లెక్కపెడుతుంటే క్రికెట్‌లో లాస్ట్ ఓవర్ టెన్షన్! కాఫీ తాగిన రోజుల్లో 208, 214. తాగని రోజుల్లో 169, 176. చక్కెర గింజ కూడా వేయలేదు, గుర్తుపెట్టుకోండి.

ఒక్క మనిషి మీద చూసి చెప్తున్నావా అంటారు. అయితే ఇంగ్లండ్ పోదాం. బాత్ యూనివర్సిటీ వాళ్లు 2020లో 29 మంది ఆరోగ్యవంతుల మీద చూశారు. ఒక రాత్రి హాయిగా పడుకోనిచ్చారు. ఇంకో రాత్రి గంటకోసారి లేపి ఐదు నిమిషాలు మేలుకోబెట్టారు. మూడో రకం రాత్రి అలాగే లేపి, పొద్దున తీపి డ్రింకుకు అరగంట ముందు స్ట్రాంగ్ బ్లాక్ కాఫీ ఇచ్చారు. నిద్ర చెడినందుకు షుగర్‌లో పెద్ద తేడా రాలేదు. కాఫీ పడ్డ రోజు మాత్రం సుమారు 50 శాతం ఎక్కువ! పెళ్లి బరాత్ డీజేకు నిద్ర చెడి, పొద్దున లేవగానే కాఫీ గ్లాసు పట్టుకునే మన బతుకు కాదా ఇది?

ఆరోగ్యంగా ఉన్నవాళ్ల సంగతి అది. మరి షుగర్ ఉన్నవాళ్లో? అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీ వాళ్లు 2008లో, రోజూ కాఫీ తాగే అలవాటున్న పది మంది షుగర్ పేషెంట్లకు నాలుగు కప్పులకు సరిపడా కెఫీన్, అంటే కాఫీలో కిక్ ఇచ్చే పదార్థం, గోళీల్లో ఇచ్చి చూశారు. టిఫిన్ తర్వాత 9 శాతం, మధ్యాహ్నం భోజనం తర్వాత 15, రాత్రి తిండి తర్వాత 26 శాతం పెరిగింది. గోళీలో చక్కెర ఎక్కడిది స్వామీ?

జరిగేదేంటంటే, కెఫీన్ పడగానే అడ్రినలిన్ అనే హార్మోన్ లేస్తుంది. కాలేయం దాచుకున్న గ్లూకోజ్‌ను రక్తంలోకి వదులుతుంది, కండరాలేమో ఇన్సులిన్ మాట సరిగా వినవు. తెల్లవారుజామున ఒళ్లు మేల్కొనేటప్పుడు కార్టిసాల్ అనే ఇంకో హార్మోన్ ఎలాగూ ఎక్కువే ఉంటుంది. దాని మీద కాఫీ పోస్తున్నాం. మండే పొయ్యిలో కిరోసిన్!

రీల్ ఆయన గాల్లోంచి పుట్టించలేదు, అది నిజమే. 2002లో నెదర్లాండ్స్ వాళ్లు 17,111 మందిని చూసి, రోజుకు ఏడు కప్పులు, ఆపైన తాగేవాళ్లకు టైప్ 2 షుగర్ వచ్చే అవకాశం, రెండు కప్పులు, అంతకు తక్కువ తాగేవాళ్లతో పోలిస్తే సగమేనన్నారు. కానీ మాట సరిగ్గా వినండి. "వచ్చే అవకాశం" అన్నారు. వచ్చినవాళ్లకు దిగుతుందని ఎక్కడన్నారు? పైగా ఆ తర్వాతి పరిశోధనల్లో కెఫీన్ తీసేసిన కాఫీకీ అలాంటి లాభమే కనిపించింది. అంటే మేలు చేసేది గింజలోని వేరే పదార్థం కావచ్చు, ఐదింటికి మనకు కిక్ ఇచ్చే కెఫీన్ కాదు. ఈ ముక్క దాచేసి "గోళీలు కూడా అవసరం లేదు" అనేవాణ్ణి ఏమనాలి? నా నోట బూతు రాకముందే ముందుకు పోదాం. మీరు మాత్రం డాక్టర్‌ను అడగకుండా గోళీ మానకండి.

అసలు మనది చాయ్ గడ్డ. కాఫీ మనకు ఫంక్షన్ హాల్లో మిషన్ నుంచి నురగతో వచ్చేది, చక్కెర ముందే కలిపి. వద్దన్నా తీయలేం. వడ్డేపల్లి చెరువు కట్ట మీద గంట నడిచి, కిందికొచ్చి రెండు చెంచాల చక్కెర కప్పులో ఉస్మానియా బిస్కెట్ ముంచేవాళ్లను రోజూ చూస్తా. అలాంటివి రోజుకు నాలుగు కప్పులంటే దాదాపు 40 గ్రాముల చక్కెర. 25 గ్రాముల లోపైతే ఇంకా మంచిదంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. వాళ్లనడిగితే "నేను అన్నం మానేశా" అంటారు!

మరెప్పుడు తాగాలి? నా లెక్క పదిన్నర. భోజనానికి గంట ముందు, గంట తర్వాత చాయ్, కాఫీ వద్దని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2024లో చెప్పింది. వాళ్లు చెప్పింది ఐరన్ ఒంటికి పట్టదని, షుగర్ గురించి కాదు. అయినా నా లెక్కకు అచ్చుగుద్దినట్టు సరిపోయింది. ఎనిమిదిన్నరకు టిఫిన్, పదిన్నరకు చక్కెర లేని చిన్న కప్పు. మీటరుంటే మీరూ నాలుగు రోజులు అదే టిఫిన్‌తో చూసుకోండి.

బాపు ఒప్పుకున్నాడు. కాఫీ డబ్బా అమ్మ చేతికిచ్చాడు. నిన్న పొద్దున చెరువు కట్ట కింద స్టాల్ దగ్గర బండాపి చూస్తే, అల్లం చాయ్ గ్లాసుతో మా బాపే.

"ఇదేంది బాపు?"

"కాఫీ కాదు కదరా."