ఉద్యోగంలో చేరే ముందు, చేరాక

శ్రోతలకు నమస్కారం. స్కిజోఫ్రీనియా, బైపోలార్ వంటి మానసిక జబ్బు ఉన్నవాళ్ళు ఉద్యోగంలో చేరేటప్పుడు ఇంట్లోవాళ్ళు ఏమేం చూసుకోవాలో ఈ రోజు చెప్పుకుందాం. బెంగళూరులో మారతహళ్ళి, కె.ఆర్.పురం వైపు స్థిరపడ్డ మన తెలుగువాళ్ళలో ఇలాంటి కుటుంబాలు ఉన్నాయి. జబ్బు పూర్తిగా నయమయ్యాకే పని అంటూ మనిషిని ఏళ్ళ తరబడి ఇంట్లో కూర్చోబెట్టకండి. మందులతో కుదుటపడి, పని చేస్తానని తనే అంటే చాలు, వెతకడం మొదలుపెట్టవచ్చు. హోసూరు రోడ్డులోని మానసిక వైద్య ఆసుపత్రి నిమ్హాన్స్ పునరావాస విభాగంలో బేకరీ వంటి పనుల్లో శిక్షణ ఉంటుంది. అక్కడి సోషల్ వర్కర్‌ను అడగండి.

మొదటి చిక్కు తెల్లవారే వస్తుంది. ఒలాంజపిన్, క్లోజపిన్ వంటి మందులు రాత్రి వేసుకుంటే కొందరికి పొద్దున కూడా మత్తు వదలదు. దాన్ని బద్ధకం అనుకుని తిట్టేస్తాం. తొమ్మిదింటి డ్యూటీకి సిల్క్ బోర్డు ట్రాఫిక్ దాటి వెళ్ళాలంటే ఆరింటికే లేవాలి కదా! చేరడానికి రెండు వారాల ముందు నుంచే ఆ వేళకు లేచి, అదే బస్సులో ఒకటి రెండుసార్లు వెళ్ళి రావాలి. అప్పటికీ మత్తు ఉంటే మాత్రను మీరే సగం చేయకండి. వేసుకునే వేళ మార్చవచ్చా అని డాక్టరును అడగండి.

బైపోలార్ ఉన్నవాళ్ళకు నైట్ షిఫ్టు వద్దు, జీతం ఎంత ఎక్కువైనా సరే. నిద్ర చెడితే మేనియా, అంటే హుషారు అదుపు తప్పే దశ, తిరగబెట్టవచ్చు. బైపోలార్‌కు ఇచ్చే లిథియం మందు వాడేవాళ్ళు ఎండలో డెలివరీ పని చేస్తే, ఒంట్లో నీరు తగ్గి రక్తంలో మందు మోతాదు పెరిగే ప్రమాదం ఉంది. ఏ పనైనా వీలైతే మొదటి నెల సగం పూటే చేయనివ్వండి.

ఆఫీసులో జబ్బు గురించి చెప్పాలా, వద్దా అనేది తన నిర్ణయం. తనకు తెలియకుండా మీరు సూపర్‌వైజరుకు ఫోన్ చేయకండి. జబ్బు పేరు చెప్పక్కర్లేదు. నెలకోసారి ఆసుపత్రికి సగం రోజు సెలవు, పగటి షిఫ్టు కావాలని అడిగితే చాలు.

ప్రభుత్వ ఉద్యోగాలకైతే 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 4 శాతం రిజర్వేషన్ ఉంది. మానసిక జబ్బు కూడా అందులోకి వస్తుంది, కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉండాలి. ఆ సర్టిఫికెట్ కోసం చేసే పరీక్షలో తన పనులు తాను చేసుకోవడం, నలుగురితో మెలగడం, మాట్లాడి అర్థం చేసుకోవడం, ఉద్యోగం చేయడం ఎలా ఉన్నాయో చూస్తారు. ఆ రోజు పరువు కోసం "మావాడు అన్నీ చేసుకుంటాడండీ" అంటే శాతం తగ్గిపోతుంది. మామూలు రోజున ఎన్నిసార్లు గుర్తుచేస్తే స్నానం చేస్తాడో ఉన్నదున్నట్టు చెప్పండి.

రెండు మూడు జీతాలు అందాక "బాగానే ఉన్నాను కదా" అని మందులు మానేసేవాళ్ళున్నారు. బాగున్న రోజుల్లోనే కలిసి కూర్చుని, జబ్బు తిరగబెట్టే ముందు ఏం కనిపిస్తుందో కాగితం మీద రాసుకోండి: నిద్ర తగ్గడం, తిండి మానడం, అనుమానాలు. అవి కనిపిస్తే డాక్టరును కలవండి. ఎవరూ అందకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనూ మాట్లాడతారు.

జీతం తన ఖాతాలోనే పడనివ్వండి, ఏటీఎం కార్డు మీరు లాక్కోకండి. మేనియాలో విపరీతంగా ఖర్చు చేసే అలవాటుంటే, ఒకసారికి ఎంత తీయాలో బాగున్నప్పుడే ఇద్దరూ మాట్లాడుకుని బ్యాంకులో పరిమితి పెట్టించండి.