తెర అవతల కూర్చున్న విద్యార్థి

(అనంతపురంలో డిగ్రీ కళాశాలల అధ్యాపకుల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీద ఉన్న పెద్దలకు, ఉమ్మడి అనంతపురం జిల్లా నలుమూలల నుంచి వచ్చిన తోటి అధ్యాపకులకు నమస్కారం.

ఆన్‌లైన్ కోర్సుల ప్రస్తావన వచ్చినప్పుడల్లా మన మాటలు వీడియో ఎంత స్పష్టంగా ఉంది, సిగ్నల్ ఎంత బాగా అందుతోంది, హాజరు ఎలా వేయాలి అన్న వాటి చుట్టూనే తిరుగుతాయి. అవి అవసరమైన మాటలే. అయితే తరగతి గదిలో మన ప్రయత్నం లేకుండానే జరిగిపోయే ఒక పని ఆన్‌లైన్‌లో పూర్తిగా ఆగిపోతుందని, దాన్ని మనం చేత్తో పట్టుకుని చేస్తే తప్ప జరగదని చెప్పడానికే నేను ఈరోజు నిలబడ్డాను. గదిలోకి అడుగుపెట్టగానే మూడో బెంచీ చివర కూర్చునే పిల్లవాడు రాలేదని మనకు కంటికి తెలుస్తుంది. లెక్క అర్థం కానివాడి ముఖం మనకు కనిపిస్తుంది. వరండాలో ఎదురుపడినప్పుడు "ఏమ్మా, జ్వరం తగ్గిందా?" అని ఒక మాట అంటాం. మాస్టారు నన్ను చూశారు, నేను ఇక్కడ ఉన్నానని ఆయనకు తెలుసు అన్న ధైర్యం విద్యార్థికి ఇలాంటి వాటి వల్లే వస్తుంది. తెర మీదికి వచ్చేసరికి పాఠం మిగులుతుంది కానీ ఆ ధైర్యం ఇచ్చే చూపు మిగలదు.

ఇది నాకు నా పొరపాటు వల్లే తెలిసింది. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యాక మనందరిలాగే నేనూ ఫోను ముందు కూర్చుని గణాంకశాస్త్రం పాఠాలు రికార్డు చేసి పంపాను. ఆ ఏడాది ఒక రాత్రి పదిన్నర దాటాక రెండో సంవత్సరం అమ్మాయి ఒకరు వాట్సాప్ గ్రూపులో, ప్రామాణిక విచలనం (అంకెలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) కట్టేటప్పుడు చివర వర్గమూలం ఎందుకు తీయాలి సార్ అని అడిగింది. మరునాడు పొద్దున చూసి, "వీడియోలో చెప్పాను, మళ్లీ చూడండి" అని జవాబు పెట్టాను. ఆ అమ్మాయి ఆ తర్వాత గ్రూపులో ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. కళాశాలలు తెరిచాక కలిసినప్పుడు ఎందుకు అడగడం మానేశావని అడిగితే, చాలాసేపు తటపటాయించి, "ఆ వీడియో మూడుసార్లు చూసినాను సార్. అర్థం కాకనే అడిగినాను. చూడకుండా అడిగినట్టు అందరి ముందరా అయిపోయింది" అంది. వాళ్ల ఇంట్లో ఉన్నది ఒకే ఫోను, అది నాన్నది. ఆయన పని నుంచి వచ్చి భోంచేసి పడుకున్నాకే అది ఆమె చేతికి వచ్చేది. ఆ వేళ కాని వేళ ప్రశ్న వెనక అంత ఓపిక ఉందని నేను ఊహించలేదు, అడిగి తెలుసుకోనూ లేదు.

పైగా అది చాలా మంచి ప్రశ్న. ఉదాహరణకు వాననే తీసుకోండి, దాన్ని మిల్లీమీటర్లలో కొలుస్తాం. సగటు నుంచి తేడాలను వర్గం చేయగానే అవి చదరపు మిల్లీమీటర్లు అవుతాయి. వానను చదరపు మిల్లీమీటర్లలో ఎవరూ చెప్పుకోరు కాబట్టి తిరిగి మిల్లీమీటర్లకు రావడానికే వర్గమూలం తీస్తాం. ఈ నాలుగు ముక్కలు టైపు చేయడానికి నాకు రెండు నిమిషాలు పట్టేది. ఆ రెండు నిమిషాలు పొదుపు చేసుకుని నేను పోగొట్టుకున్నది ఒక సెమిస్టరు పొడవునా ఆమె అడగగలిగిన ప్రశ్నలన్నిటినీ.

దూరవిద్య మీద పని చేసిన మైకేల్ మూర్ అనే విద్యావేత్త, ఇలాంటి చదువులో అసలు దూరం కిలోమీటర్లలో లేదని, బోధించేవారికీ నేర్చుకునేవారికీ మధ్య అర్థం చేసుకోవడంలో ఏర్పడే ఎడమే ఆ దూరమని ప్రతిపాదించారు. సంభాషణ పెరిగేకొద్దీ అది తగ్గుతుందని, కోర్సు బిగుసుకుపోయి మాటకు చోటు లేనప్పుడు పెరుగుతుందని ఆయన వివరణ. 1989లో ఆయనే విద్యార్థికి పాఠంతో, గురువుతో, తోటి విద్యార్థులతో ఉండే సంబంధాలను మూడుగా విడదీసి చూపారు. మన కోర్సులను ఈ మూడింటి పక్కన పెట్టి చూసుకుంటే, మొదటిదాని మీద మనం పెట్టిన శ్రద్ధలో సగమైనా మిగతా రెండింటి మీద పెట్టలేదని ఒప్పుకోక తప్పదు.

ఈ సంగతి మన రాష్ట్రానికి కొత్త కూడా కాదు. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఓపెన్ యూనివర్సిటీ) 1982లో ఆంధ్రప్రదేశ్‌లోనే ఏర్పడింది, అదే తర్వాత డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టుకుంది. పుస్తకాలు పోస్టులో పంపి ఊరుకోకుండా, అధ్యయన కేంద్రాల్లో విద్యార్థులను ముఖాముఖి కలిసే తరగతులు పెట్టారు. అక్కడ చెప్పేవారిని లెక్చరర్ అనకుండా కౌన్సెలర్ అన్నారు. పాఠం పుస్తకంలో ఉంది, మనిషి పని చదివేవాడికి తోడు నిలవడం అన్న ఎరుక ఆ పేరులోనే ఉందని నాకు అనిపిస్తుంది. ఐఐటీలు, బెంగళూరులోని ఐఐఎస్‌సీ కలిసి 2003లో ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ పాఠాల కార్యక్రమం మొదలుపెట్టాయి. 2017 జూలైలో కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక 'స్వయం' వచ్చింది. స్వయం కోర్సుకు నాలుగు భాగాలుండాలి: వీడియో పాఠం, చదువుకునే సామగ్రి, చర్చావేదిక, స్వీయ పరీక్ష. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టరులోని కోర్సుల్లో 40 శాతం వరకు స్వయం ద్వారా చదవవచ్చు. అంటే మన పిల్లల డిగ్రీలో ఇంత పెద్ద భాగం తెర మీదికి పోయే వీలు ఏర్పడింది. అలాంటప్పుడు మూడో భాగమైన చర్చావేదికను ఖాళీగా వదిలేస్తే మనం వాళ్లకు సగం చదువే ఇచ్చినట్టు.

మొదటి వారం గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే కోర్సులో నిలబడేదీ జారిపోయేదీ ఎక్కువగా అక్కడే తేలుతుందని నా అనుభవం. మనలో చాలామంది "మిమ్మల్ని మీరు పరిచయం చేసుకోండి" అని ఒక సందేశం పెడతాం. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లు నలుగురు పెద్ద పేరాలు రాస్తారు, మిగతావాళ్లు వాటిని చూసి వెనక్కి తగ్గుతారు. అందుకని నేను రెండేళ్లుగా వేరే ప్రశ్న అడుగుతున్నాను: "మీ ఇంట్లో పెద్దవాళ్లను అడిగి, పోయిన నెలలో మీ ఊళ్లో ఎన్ని రోజులు వాన పడిందో రాయండి." దీనికి తప్పు జవాబు లేదు. జవాబు ఒక్క అంకె. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బతికే మన జిల్లాలో ఈ లెక్క చెప్పలేని ఇల్లు ఉండదు. ఒకరు "మూడు" అని రాస్తారు, మరొకరు "రెండు, కానీ రెండోది చినుకులే, మా అవ్వ దాన్ని లెక్కేయొద్దంటోంది" అని రాస్తారు. ఆ రెండో జవాబు కింద నేను, ఏది వాన ఏది చినుకు అన్నది ముందే తేల్చుకోవడం గణాంకశాస్త్రంలో మొదటి పని, మీ అవ్వ అదే చేసింది అని రాశాను. ఆ రోజు సాయంత్రానికి అంతకు ముందు నోరు మెదపని పదకొండు మంది తమ ఊరి లెక్కలు పెట్టారు. రెండో వారంలో సగటు చెప్పేటప్పుడు పుస్తకంలోని లెక్క బదులు వాళ్లు పంపిన అంకెలనే తీసుకున్నాను. తాను రాసిన మూడు అనే అంకె పాఠంలో కనబడిన పిల్లవాడికి వేరే స్వాగత వాక్యాలు అక్కర్లేదు.

భాష సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన పిల్లలు ప్రశ్నను ఇంగ్లీషులో రాయాలేమో అనుకుని టైపు చేస్తారు, తుడిపేస్తారు, మళ్లీ చేస్తారు, చివరికి వదిలేస్తారు. తెలుగులో రాయవచ్చని, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసినా ఫరవాలేదని, టైపు చేయలేకపోతే వాయిస్ మెసేజ్ పంపవచ్చని మొదటి రోజే చెప్పాలి. చెబితే చాలదు, మనమూ ఒకటి రెండు జవాబులు అలాగే ఇచ్చి చూపాలి. మడకశిర వైపు నుంచి వచ్చే కొందరికి ఇంటి భాష కన్నడ అని మరిచిపోకూడదు.

ప్రత్యక్ష తరగతిలో ప్రశ్న అడిగి మనం ఎంతసేపు ఆగుతామో గమనించారా? మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970లలో మామూలు తరగతి గదులను పరిశీలించి, ఉపాధ్యాయులు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవుగా, ఆలోచనతో వస్తున్నాయని చూపారు. అది ఎదురెదురుగా కూర్చున్న గదిలో మాట. మిద్దె మీద సిగ్నల్ కోసం నిలబడ్డ పిల్లకు మన మాట చేరాలి, మ్యూట్ తీయాలి, వెనక ఎవరైనా మాట్లాడుతున్నారేమో చూసుకోవాలి. కాబట్టి నేను పదిహేను సెకన్లు లెక్కపెట్టుకుని ఆగుతాను. మొదట్లో ఆ నిశ్శబ్దం మనకే ఇబ్బందిగా ఉంటుంది, తర్వాత అలవాటవుతుంది. కెమెరా పెట్టి తీరాలని మాత్రం దయచేసి పట్టుబట్టవద్దు. ఒకే గదిలో ఇంటిల్లిపాదీ ఉండే ఇళ్లను అందరికీ చూపించమని అడిగే హక్కు మనకు లేదు.

ఆడపిల్లల విషయంలో మరో జాగ్రత్త అవసరం. వాట్సాప్ గ్రూపులో చేర్చగానే ఆమె ఫోన్ నంబరు డెబ్బై మందికి తెలుస్తుంది. ఆ తర్వాత వచ్చే అనవసరపు మెసేజ్‌ల గురించి ఆమె మనకు చెప్పదు, గ్రూపులోంచి మెల్లగా తప్పుకుంటుంది. ఇంట్లో తెలిస్తే ఫోనే తీసేసుకుంటారన్న భయం వేరే. నంబరు కనబడని గూగుల్ క్లాస్‌రూమ్ లాంటిదాన్ని ప్రశ్నలకు వాడుకోవచ్చు. ఎవరైనా హద్దు మీరితే ఎవరికి చెప్పాలో, చెబితే ఏం జరుగుతుందో మొదటి వారమే రాతపూర్వకంగా ఇవ్వాలి.

తోటివారితో సంబంధం పెంచడానికి అందరూ చిన్న గ్రూపులు చేయమంటారు. హాజరు పట్టీ వరుసలో ఐదుగురిని విడదీస్తే ఆ గ్రూపు కాగితం మీదే ఉంటుంది. మా దగ్గర బస్సు దారిని బట్టి విడదీశాం. ఉరవకొండ దారి వాళ్లు ఒక గ్రూపు, కళ్యాణదుర్గం దారి వాళ్లు ఒకటి, తాడిపత్రి దారి వాళ్లు ఒకటి. పరీక్ష ఫీజు కట్టడానికి వచ్చినప్పుడు వాళ్లు ఒకే బస్సులో కలుస్తారు, నోట్సు చేతులు మారుతుంది, సిగ్నల్ లేని ఊరి పిల్లకు పక్క ఊరి పిల్ల వీడియోలు ఎక్కించి ఇస్తుంది. తెర మీద మొదలైన పరిచయానికి నేల మీద ఒక చోటు దొరికితే అది నిలుస్తుంది.

అసైన్‌మెంట్ల మీద మనం రాసే మాటకు చాలా బరువుంది. "తప్పు, మళ్లీ చేయండి" అన్నది గదిలో నవ్వుతూ అంటే నొప్పించదు. తెర మీద నవ్వు కనబడదు, మాట ఒక్కటే వెళుతుంది. దాని బదులు, "మూడో మెట్టు దాకా సరిగ్గా వచ్చింది, అక్కడ 12తో భాగించాల్సింది 10తో భాగించావు, అదొక్కటి సరిచేసి పంపు" అని రాస్తే, ఎక్కడిదాకా వచ్చాడో, ఎక్కడ ఆగాడో పిల్లవాడికి తెలుస్తుంది. మెచ్చుకోలు అందరి ముందు, దిద్దుబాటు విడిగా అన్న పద్ధతిని నేను తప్పకుండా పాటిస్తాను.

ప్రతి శనివారం ఆ వారం కోర్సు తెరవనివాళ్ల పేర్లు చూసి ఫోన్ చేస్తాను. "ఎందుకు చేయలేదు?" అని అడిగితే క్షమాపణ వస్తుంది, "ఎక్కడ ఆగింది?" అని అడిగితే సమాచారం వస్తుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో వచ్చే జవాబు చాలాసార్లు ఒకటే: శెనక్కాయలు పీకుతున్నాం సార్. ఇంటిల్లిపాదీ చేనులో ఉండే ఆ వారాల్లో మనం రెండు అసైన్‌మెంట్ల గడువు పెట్టి, రానివాళ్లను సోమరులనుకోవడం అన్యాయం. మన చేతిలో ఉన్న గడువులను పంటను చూసి వేసుకోవచ్చు. ఇంటివాళ్లతో బెంగళూరుకు పనికి వెళ్లిన పిల్లలకు కోర్సు ఫోనులోనే ఉంది కాబట్టి, ఒక్క పిలుపు వాళ్లను తిరిగి తీసుకురాగలదు. స్వయం వేదికలోని కోర్సును బోధించేది మరెవరో అయినా, ఈ ఫోన్ చేయవలసింది మాత్రం స్థానికంగా ఉన్న మనమే.

ఇన్ని పనులు డెబ్బై మందికి ఎలా చేయగలమని మీరు అడుగుతారు, ఆ ప్రశ్న న్యాయమైనది. రాత్రింబవళ్లు ఫోను పట్టుకుని ఉండమని నేను చెప్పడం లేదు, అలా ఉంటే నెలకే అలసిపోతాం. రోజూ రాత్రి ఎనిమిది నుంచి ఎనిమిదిన్నర దాకా జవాబులిస్తానని చెప్పి, ఆ అరగంట తప్పకుండా ఇస్తే చాలు. జవాబు ఆలస్యమైనా పిల్లలు ఓర్చుకుంటారు, వస్తుందో రాదో తెలియకపోవడాన్ని ఓర్చుకోలేరు. ఊరికి వెళ్లవలసి వస్తే ఆ మాట ముందుగా చెబుతాం, అంతే. కళాశాల యాజమాన్యాలు కూడా ఈ అరగంటను పనిభారంలో లెక్కించాలని, ఈ వేదిక మీద ఉన్న పెద్దలను కోరుతున్నాను.

మధ్యాహ్నం భోజనాల తర్వాత మనం నాలుగు బల్లల చుట్టూ కూర్చుంటాం. మీరు చెప్పే సబ్జెక్టు ఏదైనా, మీ విద్యార్థి ఇంట్లో పెద్దవాళ్లను అడిగి ఒక్క ముక్కలో జవాబు రాయగల ప్రశ్న ఒకటి రాసుకుని రండి. మీ తరగతి పట్టీలో ప్రతి పేరు పక్కన ఆ పిల్ల ఏ దారి బస్సు ఎక్కుతుందో, ఇంట్లో ఫోను ఎవరిదో తెలిస్తే రాయండి. తెలియని చోట ఖాళీ వదలండి. ఆ ఖాళీల దగ్గర నుంచే మన పని మొదలుపెడదాం.